ఏనుగు తిన్న బెల్లం

మునిరామయ్య గొంతులోని స్వరపేటిక మొత్తం తీసేయాలని వేలూరు ఆసుపత్రి డాక్టరు చెప్పినప్పుడు, పక్కన కూర్చున్న భార్య ప్రసూనాంబకు ముందుగా తోచింది ఒకటే. ఇక ఏనుగు కథ వినే పని ఉండదు. వెంటనే ఆమె తనను తాను తిట్టుకుంది. మొగుడి ప్రాణం మీదికి వస్తే తోచాల్సింది ఇదా అనుకుంది. కానీ తోచింది తోచినట్టే ఉండిపోయింది.

డాక్టరు సగం అరవంలో, సగం ఇంగ్లీషులో చెప్పాడు. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం రాదు. మెడ ముందు చిన్న రంధ్రం పెడతారు, ఊపిరి ఇక దాంట్లోంచే. మునిరామయ్య అంతా విని, కండువా సర్దుకున్నాడు.

"తీసినాక మళ్లా పెట్టరా?" అని అడిగాడు.

పెట్టరన్నాడు డాక్టరు.

"అట్లయితే మండీలో బేరం ఎవురు సేస్తారు?"

డాక్టరు వచ్చే సోమవారం చేరమని చీటీ రాసిచ్చాడు.

ఇది 1981లో, దసరా అయిన తర్వాతి సంగతి. మునిరామయ్యకు చిత్తూరులో బెల్లం మండీ ఉంది. చుట్టుపక్కల పల్లెల రైతులు చెరుకు గానుగ ఆడి, బెల్లం తెచ్చి ఆయన మండీలో దించేవాళ్లు. ఆయన ధర పాడితే ఆ వీధి చివర సోడా అంగడివాడికి కూడా వినపడేది. అలాంటి గొంతు ఏడాదిగా బొంగురుపోతూ వచ్చింది. బెల్లం దుమ్మన్నాడు, మిరియాల కషాయం తాగాడు, మాట్లాడడం మాత్రం తగ్గించలేదు. అందులోనూ ఏనుగు కథ చెప్పడం అసలే తగ్గించలేదు.

ఆ కథ ఆయన తాత కుప్పుస్వామిది. వాళ్లను చిత్తూరులో అందరూ ఏనుగు బెల్లమోళ్లు అంటారు. ఎందుకంటారని ఎవరైనా అడిగితే చాలు, అడగకపోయినా చాలు, మునిరామయ్య మొదలుపెట్టేవాడు. కుప్పుస్వామి కార్వేటినగరంలో బెల్లం అమ్ముకునేవాడట. ఒకరోజు బెల్లం బండి తోలుకుని కోట ముందు పోతుంటే రాజావారి పట్టపుటేనుగు సంకెళ్లు తెంచుకుని వచ్చింది. జనమంతా పారిపోయారు. కుప్పుస్వామి ఒక్కడే నిలబడి, ఏనుగు కళ్లలోకి చూస్తూ ఒక బెల్లం ముద్ద అందించాడు. తింది. ఇంకొకటి అందించాడు. బండి ఖాళీ అయ్యేసరికి ఏనుగు ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. రాజావారు మేడ దిగి వచ్చి ఏం కావాలో కోరుకోమన్నారు. "ఏనుగు నోరు తీపయింది, అదే చాలు ప్రభూ" అన్నాడు కుప్పుస్వామి.

ప్రసూనాంబ పెళ్లయి వచ్చిన కొత్తలో అది ఒక్క బండి. కొడుకు దామోదరం పుట్టేనాటికి మూడు బండ్లయ్యాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక లెక్క చెప్పడం మానేసి ఊరికే బండ్లు అనేవాడు.

ఆమె ఆ కథను పెళ్లిళ్లలో విన్నది, చావుల్లో విన్నది, కొడుక్కి పిల్లను చూడడానికి పోయిన చోట విన్నది. విన్న ప్రతిసారీ మధ్యలో అడ్డం పడేది. ఆయన "మంచి ఎండాకాలం" అనగానే, "సలికాలం. సెరుకు గానుగాడేది సలికాలమే గదా" అనేది. "కత నాదా, నీదా?" అని ఆయన లేచేవాడు. లేచినవాడు కూర్చుని, ఇంకాస్త పెద్ద గొంతుతో ముందునించి ఎత్తుకునేవాడు. ఇన్నేళ్లలో ఆమె సరిదిద్దింది అలాంటి చిల్లర విషయాలే. అసలు విషయం జోలికి పోలేదు.

ఎందుకంటే అసలు విషయం ఆమెకు తెలుసు. అత్త సుబ్బులమ్మ చెప్పింది. పెళ్లయిన రెండో ఏడు, అత్తాకోడళ్లు పెరట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంటే చెప్పింది. సుబ్బులమ్మకు ఆమె అత్త ఆదిలక్ష్మమ్మ, అంటే కుప్పుస్వామి భార్యే, స్వయంగా చెప్పిందట. "ఈ మాట మగోళ్ల సెవిన ఎయ్యగాకు. మనసు చిన్నబుచ్చుకుంటారు. నీకు కోడలొస్తే ఆ పిల్లకు సెప్పు" అన్నది సుబ్బులమ్మ. ప్రసూనాంబకు కోడలు వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇంకా చిన్నపిల్ల, పోనీలే అని చెప్పలేదు.

దామోదరం తిరుపతిలో, యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్నాడు. వేలూరు సంగతి తెలిసిన మరుసటి రోజే మద్రాసు పోయి, విదేశీ సరుకు అమ్మే బర్మా బజారులో ఒక టేప్ రికార్డరు కొని, భార్య పంకజాక్షిని వెంటబెట్టుకుని చిత్తూరుకు వచ్చాడు. పుస్తకం పోతే ఇంకో ప్రతి తెప్పించుకోవచ్చు, మనిషి నోట్లో ఉండేది పోతే యాడ నుంచి తెప్పిస్తాం అన్నాడు. తన మనవలు, వాళ్ల మనవలు కూడా ఈ కథ మునిరామయ్య గొంతుతోనే వినాలని అతని కోరిక. మునిరామయ్య టేప్ రికార్డరును అటూ ఇటూ తిప్పి చూసి, జపానుదేనా అని అడిగాడు. జపానుదే అని తెలిశాక ఒప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నడవలో ఏర్పాటు చేశారు. వీధి చప్పుడు పడకుండా కిటికీలు మూశారు. ఫ్యాను చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపారు. "అమ్మా, నీ గాజులు శబ్దం సేస్తాయి. పైగా నువ్వు మధ్యలో మాట్లాడతావు" అని దామోదరం తల్లిని పెరట్లోకి పంపాడు. ఆమె పోయి బట్టలుతికే బండ మీద కూర్చుంది. తలుపు వారగా వేసి ఉంది. అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

దామోదరం మీట నొక్కాడు. మునిరామయ్య గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారము. చిత్తూరు పట్టణ బెల్లము వర్తకుడు మునిరామయ్య మాట్లాడుచున్నాను. మా తాతగారైన కుప్పుస్వామిగారు కార్వేటినగరము నందు బెల్లము విక్రయించుచుండెడివారు. ఒకానొక దినమున ఏనుగు వచ్చెను. బెల్లము భక్షించెను. రాజావారు సంతసించిరి. ఇంతటితో సమాప్తము."

దామోదరం మీట ఆపాడు.

"నాయనా, మామూలుగా సెప్పు."

"మామూలుగానే సెప్పినాను గదా."

"ఇట్లా యాడ మాట్లాడతావు నువ్వు?"

"పుట్టబోయేవాళ్లు వింటారంటివే. వాళ్లెట్లాంటోళ్లో ఏమో. మర్యాదగా మాట్లాడొద్దా?"

రెండోసారి దామోదరం ప్రశ్నలు అడిగాడు. ఆ ఏనుగు ఎట్లా ఉండేది అంటే, "పెద్దది" అన్నాడు మునిరామయ్య. జనం ఏం చేశారంటే, "పారిపోయినారు" అన్నాడు. అప్పుడు మీ తాతకు భయం వేయలేదా అంటే, చాలాసేపు ఆలోచించి "లేదు" అన్నాడు. నడవలో ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి. ఇన్నేళ్లు అడగనివాళ్లకు కూడా చెప్పిన మనిషి, అడిగి మరీ టేప్ పెడితే నోరు పెగలక కూర్చున్నాడు. పెరట్లో ప్రసూనాంబకు ఆ నిశ్శబ్దం భరించడం కష్టంగా ఉంది. డాక్టరు మాట విన్నప్పుడు కూడా ఇంత కష్టంగా లేదు. ఇకమీదట ఇల్లు ఇలాగే ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసివచ్చింది.

పంకజాక్షి ఆ ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆరోజు మాత్రం లేచింది.

"మామా, అత్తను పిలుస్తాను."

"ఆమె వస్తే అడ్డం పడతాది" అన్నాడు దామోదరం.

"పడాల. ఆమె అడ్డం పడకుండా ఈ కత నేను ఒక్కసారి గూడా వినలేదు" అని పంకజాక్షి పెరటి తలుపు తీసింది.

ప్రసూనాంబ లోపలికి వచ్చి, టేపుకు దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. గాజులు చప్పుడు కాకుండా పైకి తోసుకుంది. ఇదే ఆఖరిసారి, ఆయన ఇష్టమొచ్చినట్టు చెప్పుకోనీ, నోరు విప్పకూడదు అని గట్టిగా అనుకుంది.

"మా తాత కుప్పుస్వామి" అని మొదలుపెట్టాడు మునిరామయ్య. "ఆయప్ప యాపారమంతా కార్వేటినగరంలోనే. వొక పొద్దు బండ్లు కట్టుకోని కోట ముందర పోతా ఉండాడు. మంచి ఎండాకాలం."

ఆగాడు. ప్రసూనాంబ మాట్లాడలేదు.

"మంచి ఎండాకాలం" అన్నాడు మళ్లీ, ఆమె వైపు చూస్తూ.

ఆమె పెదవులు బిగించింది.

"ఏం మే, నోట్లో ఏమన్నా పెట్టుకోనుండావా?"

"సలికాలం" అన్నది ప్రసూనాంబ.

"నువ్వు సూసినావా?"

"ఎండాకాలం బెల్లం యాడ నుంచి వస్తాది? గానుగ ఎండాకాలం ఆడినాడా మీ తాత?"

"పోయినేడు బెల్లం దాసి పెట్టుండకూడదా? కత నాదా, నీదా?"

ఇక అక్కడినుంచి కథ కదిలింది. గొంతు బొంగురుగానే ఉంది, కానీ అది మండీలో వినపడే గొంతే. సంకెళ్లు తెగిన చప్పుడు నోటితో చేశాడు. జనం పారిపోయేటప్పుడు ఒకడి పంచె ఊడిపోయిందన్నాడు. అది కొత్తగా చేర్చాడని ప్రసూనాంబ అన్నది. పాతదేనని, తను ఎప్పుడూ చెబుతానని ఆయన అన్నాడు. దామోదరం తల పట్టుకున్నాడు గానీ మీట ఆపలేదు.

"జనమంతా పారిపోయినారు. మా తాత వొక్కడే..."

అక్కడ మునిరామయ్య ఆగిపోయాడు. నీళ్లు కావాలేమో అని పంకజాక్షి చెంబు అందించబోయింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, భార్య వైపు తిరిగాడు.

"మే. మాయమ్మ నీకేందో సెప్పుండాది."

"ఏం సెప్పుండాది?"

"నాకేం తెలుసు, నాకు సెప్పలేదు గదా. నేను కతలో ఈడికి వచ్చేసరికి మాయమ్మ లేసి లోపలికి పొయ్యేది. ప్రతిసారీ. నువ్వు తల వంచుకునేదానివి. లోపల నుంచి నవ్వు ఇనపడేది. నేనేమన్నా చెవిటోణ్నా?"

"ఎప్పుడూ అడగలేదే మీరు."

"అడిగితే సెప్తావేమో అని అడగలేదు" అన్నాడు మునిరామయ్య. "ఇంక ఆపరేషను అయినాక అడగాలన్నా అడగలేను. సెప్పు."

ప్రసూనాంబ కొడుకు వైపు చూసింది. "ఆ మిషను ఆపు" అన్నది.

"ఆపగాకురా" అన్నాడు మునిరామయ్య.

ఆమెకు అత్త మాట గుర్తుంది. మనసు చిన్నబుచ్చుకుంటారన్న మాట. కత్తి కింద పడుకోబోయే మనిషికి ఇది చెప్పొచ్చా అనుకుంది. అబద్ధం ఒకటి అల్లుదామంటే ఆ పని ఆమెకు అలవాటు లేదు, అదంతా ఆయనే చూసుకునేవాడు. చివరికి గోడ వదిలి కాస్త ముందుకు జరిగింది.

"బండ్లు లేవు" అన్నది.

"లేవా?"

"ఒక్క గంప. అది గూడా మీ అవ్వ నెత్తిన ఉండింది. మీ తాత ఎనకాల తక్కెడ పట్టుకోని వస్తా ఉండాడు. పట్టపుటేనుగు కాదు. కోటలో కట్టెలు మోసే ముసలి ఏనుగంట. దానికి సంకెలా లేదు గింకెలా లేదు. మావటోడు నీళ్లకు తోలకపోతా, ఎవురితోనో మాటల్లో పడి ఎనకబడినాడంట. ఏనుగుకు బెల్లం వాసన తగిలింది. వచ్చి, ఆయమ్మ నెత్తిన గంపలో తొండం పెట్టింది."

"మా తాత?"

"'కదలగాకే, కదిలితే తొక్కుతాది' అని అరిచినాడంట."

"సూసినావా, ధైర్యం సెప్పినాడు. యాడుండి?"

ప్రసూనాంబ చీర కొంగు సర్దుకుంది.

"చింతచెట్టు మీద నుంచి."

టేపు తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"తక్కెడతో సహానా?" అని అడిగాడు మునిరామయ్య.

"తక్కెడ వొదల్లేదంట."

ఆయన తల ఆడించాడు. వర్తకుడిగా ఆ మాట ఆయనకు నచ్చినట్టే ఉంది. "తర్వాత?" అన్నాడు.

"ఆయమ్మ రెండు సేతులా గంప పట్టుకోని అట్లనే నిలబడిందంట. ఆ ఏనుగుకు నోట్లో పండ్లు సరిగ్గా లేవు. ఒక్కొక్క ముద్దా చప్పరించి చప్పరించి తినింది. ఆ జొల్లంతా ఆయమ్మ మొగం మీదే. ఊరంతా చుట్టూ నిలబడి సూసిందంట, ఎవురూ పారిపోలేదు. అయిపొయినాక గంప గూడా ఎత్తుకోని పొయ్యింది. అప్పుడొచ్చినాడంట మావటోడు. వచ్చి, 'ఏమ్మా, ఇంకా ఉండాదా?' అని అడిగినాడంట."

"రాజు?"

"రాజు ఊర్లోనే లేడు."

"మా తాత దిగినాడా?"

"దిగినాడు. ఆయమ్మ ఒక్క మాటా అనలేదంట. ఆయప్ప సేతిలో తక్కెడ తీసుకోని ముందర నడిసిందంట. ఆ పొద్దు నుంచి తూకం ఆయమ్మే ఏసింది. కార్వేటినగరంలో పిల్లాపీచూ అంతా ఏనుగు బెల్లమోళ్లని ఎక్కిరిస్తా ఉంటే, ఆ ఊర్లో ఉండలేక ఈడికి వచ్చినారు. ఆ పేరు గూడా ఎనకాలే వచ్చింది."

మునిరామయ్య నేల వైపు చూశాడు. ప్రసూనాంబ చెప్పినందుకు అప్పటికే బాధపడుతోంది.

"నిండు గంపేనా?" అని అడిగాడు ఆయన.

"నిండు గంపే."

అప్పుడు మునిరామయ్య నవ్వాడు. ముందు ముక్కుతో, తర్వాత గొంతుతో, ఆ పాడైపోయిన గొంతు ఎంత ఇస్తే అంతతో నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయి, దగ్గులోంచి మళ్లీ నవ్వులోకి వచ్చింది. దామోదరం కంగారుపడి వీపు రుద్దబోతే తోసేశాడు. "తక్కెడతో సహా" అని మళ్లీ నవ్వాడు. పంకజాక్షి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రసూనాంబ నవ్వుతూ ఏడుస్తోందో, ఏడుస్తూ నవ్వుతోందో దామోదరానికి అర్థం కాలేదు. అంతలో టక్కుమని మీట పైకి లేచింది. టేపు అయిపోయింది.

దామోదరం రెండో టేపు పెట్టి, దగ్గు లేకుండా, తగాదా లేకుండా ఒకసారి శుభ్రంగా చెప్పమని తండ్రిని బతిమాలాడు.

"సాలు" అన్నాడు మునిరామయ్య. "ఇంక నాకేం తెలుసు సెప్పేదానికి?"

సాయంత్రం వంటింట్లో ప్రసూనాంబ కోడలితో అన్నది, "మా అత్తకిచ్చిన మాట పొయ్యింది. మగోళ్లకు సెప్పగాకు, కోడలికి సెప్పు అన్నాది."

"యాడ పొయ్యింది అత్తా? కోడలికి సెప్పమన్నాదంటిరే. నేను విన్నాను గదా" అన్నది పంకజాక్షి. "వాళ్లు గూడా విన్నారు, అంతే."

ప్రసూనాంబకు ఆ మాట బాగానే ఉందనిపించింది.

సోమవారం ఉదయం బస్సులో వేలూరు పోయారు. మంగళవారం ఆపరేషన్. చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోయే ముందు మునిరామయ్య చెయ్యెత్తి ఆపమన్నాడు. ఇంటికి పెద్ద, ఆఖరి మాట ఏం చెబుతాడో అని దామోదరం దగ్గరికి వంగాడు. మునిరామయ్య అతన్ని పక్కకు జరిపి భార్యను చూశాడు.

"గొడుగు బస్సులో వొదిలేసినట్టుండావు. సూడు" అన్నాడు.

ఆమె చూసుకుంది. గొడుగు లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి వచ్చాక కొన్నాళ్లు ఆయన పలక మీద రాసి చూపించాడు. కోపం వచ్చినంత వేగంగా రాయడం కుదరక, మండీలో ఒకరోజు పలక విసిరికొట్టాడు. బేరాలకు గుమాస్తాను పెట్టాడు. ఇంట్లో మాత్రం ఏం కావాలన్నా ప్రసూనాంబ ఆయన ముఖం చూసి చెప్పేది. తప్పు చెబితే ఆయన కళ్లెర్రజేసేవాడు, ఒప్పు చెబితే ఇంకా ఎర్రజేసేవాడు.

కథ ఆగలేదు. ఇంటికి ఎవరైనా వస్తే ఆయన గ్లాసు మీద చెంచాతో కొట్టి ఆమెను పిలిచేవాడు. ఆమె నిలబడి, గోడకు ఆనుకుని, గంప కథ చెప్పేది. చెప్పాల్సిన చోట ఆయన కుడిచెయ్యి ముక్కుకు ఆనించి తొండంలా ఊపేవాడు. చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎడమచేత్తో తక్కెడ పట్టుకున్నట్టు పెట్టి, పాదాలు రెండూ కుర్చీ మీదికి ఎత్తుకునేవాడు. ఆయన నవ్వితే చప్పుడు రాదు, భుజాలు ఊగుతాయి. తన తాత కథ ఇలా నవ్వులపాలయిందని ఆయన బాధపడినట్టు ఎవరికీ కనపడలేదు. వచ్చినవాళ్లు పోతామంటే కాఫీ తెప్పించి మళ్లీ కూర్చోబెట్టేవాడు.

ఏళ్లు గడిచేకొద్దీ ప్రసూనాంబ కథలో కూడా ఏనుగు వయసు తగ్గుతూ వచ్చింది. ముందు ముసలిది, తర్వాత నడివయసుది, ఆ తర్వాత వయసు మాట ఎత్తడమే మానేసింది. పండ్లు లేకపోవడం సంగతి కూడా ఎక్కడో జారిపోయింది. ఇది ఆమెకు తెలియదు. పంకజాక్షికి తెలుసు. టేపు తిరుపతిలో వాళ్లింట్లోనే ఉంది. ఒకసారి పక్కింటి శకుంతలమ్మకు వినిపిస్తే, ఆమె అంతా విని, మీ అత్తమామలు ఎందుకు పోట్లాడుకున్నారని అడిగింది.

1986 వేసవి సెలవుల్లో దామోదరం ఒక అంబాసిడర్ మాట్లాడి అందరినీ కార్వేటినగరం తీసుకుపోయాడు. పిల్లలకు ఆ చోటు చూపించాలని, ఫోటో తీయించాలని అతని పట్టుదల. పాత కోట కూలినంత కూలి, మిగిలినంత మిగిలి ఉంది. దాని ముందర రోడ్డు. రోడ్డుకు ఆ పక్క ఒక చింతచెట్టు, ఈ పక్క ఒక చింతచెట్టు. ఇవి ఆనాటివేనా అని టీ అంగడివాణ్ని అడిగితే, తను పుట్టినప్పటినుంచి ఉన్నాయన్నాడు. అతనికి ముప్పయ్యేళ్లుండవు.

మునిరామయ్య కారు దిగుతూనే ఎడమ పక్క చెట్టు దగ్గరికి పోయి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అది ఆకాశమంత ఎత్తుంది. మొదటి కొమ్మ అందుకోవాలన్నా నిచ్చెన కావాలి.

"అది గాదు" అన్నది ప్రసూనాంబ. "ఇది." ఆమె చూపించిన చెట్టు పొట్టిది, వంగి ఉంది. పిల్లలు అప్పటికే దాని మీద కూర్చుని ఉన్నారు. "తక్కెడ సేతిలో పెట్టుకోని దాన్నెట్లా ఎక్కుతాడు మనిషి? ఇదే."

మునిరామయ్య తల అడ్డంగా ఊపాడు. పెద్ద చెట్టును చేత్తో తట్టాడు. తన తాత చెట్టెక్కాడన్నది ఒప్పుకున్నాడు గానీ, పొట్టి చెట్టు ఎక్కాడన్నది ఆయన ఒప్పుకోలేడు. ఆమె అక్కడినుంచి కదలలేదు, ఆయన ఇక్కడినుంచి కదలలేదు. మధ్యలో రోడ్డు మీద పుత్తూరు బస్సు ఒకటి పోయింది. ఫోటోల కోసం వెంట తెచ్చుకున్న మునికృష్ణ కెమెరా మెడకు తగిలించుకుని ఎటు తిప్పాలో తెలియక దామోదరం వైపు చూశాడు.

దామోదరం కాసేపు ఎండలో నిలబడి ఆలోచించాడు. తర్వాత అందరినీ ముందు నాయన చెట్టు కింద నిలబెట్టి ఒక ఫోటో, తర్వాత అమ్మ చెట్టు కింద నిలబెట్టి ఒక ఫోటో తీయించాడు. వారం తర్వాత ఫోటోలు వచ్చాయి. రెండింటి వెనకా అతను ఊరి పేరు, తేదీ రాసి, కింద "ఇదే ఆ చెట్టు" అని రాశాడు.